పదకొండో బాటిల్

మా బావ పోయాడన్న కబురు మా అక్క ఫోన్లో చెప్పింది. పొద్దున ఏడు గంటలప్పుడు నేను వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నాను. "ఒరేయ్ తమ్ముడూ, మీ బావ కాఫీ పెట్టమన్నాడురా. తెచ్చేలోపలే అయిపోయింది," అంది. గొంతులో ఏడుపు లేదు. "ఈ కాఫీ ఏం చెయ్యమంటావురా?" అని అడిగింది. "తాగెయ్ అక్కా," అన్నాను. తాగేసిందట. అందులో చక్కెర వెయ్యడం మర్చిపోయానని పదిరోజుల తర్వాత తనే చెప్పింది.

నరసరావుపేటలో బస్సు దిగి వాళ్ళ వీధి మలుపు తిరిగేసరికి ఫ్లెక్సీ కనిపించింది. శవం ఇంకా ఇంట్లోనే ఉంది, ఫ్లెక్సీ మాత్రం అప్పటికే గుంజలెక్కింది. "నీటి శాస్త్రవేత్తకు కన్నీటి నివాళి" అని రాయించారు. బావ ఫొటో అరచేయంత ఉంది. వేయించినాయన ఫొటో దానికి రెండింతలు, చేతులు జోడించి. ఆయన మా ఊరి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు యజమాని. బావ బతికుండగా ఆయన పెట్టిన పేరు వేరు. "లంచ్ బాక్సు సైంటిస్టు" అనేవాడు.

మీరంతా కాలేజీలో బావ దగ్గర కెమిస్ట్రీ చదువుకున్నవాళ్ళు. ఆయన జ్ఞాపకార్థం సంచిక వేస్తున్నాం, ఒక పేజీ రాయండి బాబాయిగారూ అన్నారు. నాలుగు మంచిమాటలు చాలన్నారు. మంచిమాటలు సంతాప సభలో కావలసినన్ని వినపడ్డాయి. ఆయనతో ఇరవై ఏళ్ళు ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్న లెక్చరర్ ఒకాయన మైకు పట్టుకుని "నిశ్శబ్ద తపస్వి" అన్నాడు. ఆ తపస్వి రిటైరయ్యాక తయారుచేసుకున్న పరికరాన్ని చూసి "ఎనిమిదో తరగతి ప్రాజెక్టులాగుందే" అని నవ్వింది కూడా ఈయనే. నేనక్కడే ఉన్నాను. ఆయన మర్చిపోయాడేమోగాని నేను మర్చిపోలేదు. నాకు డెబ్భై నాలుగేళ్ళు. మర్చిపోకపోవడం తప్ప నా దగ్గర వేరే ఆస్తి లేదు.

నేను గురజాల కోర్టులో ముప్ఫై ఏళ్ళు బెంచి గుమాస్తాగా పనిచేశాను. బోనులోకి ఎక్కిన ప్రతివాడి చేతా ప్రమాణం చేయించేది నేనే. అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను. ఎన్ని వేలమంది చేత ఆ మాట పలికించానో. అందుకని మీకు ఒక పేజీ సరిపోదు.

బావ రిటైరయ్యాక ఆయన ఇంట్లో ముందు గది గది కాదు, ల్యాబు. ఒక బల్ల, దాని మీద గాజు గ్లాసులు, మూతలు బిగించిన ప్లాస్టిక్ బాటిళ్ళు, తనే నీళ్ళు కాచి ఆవిరి పట్టుకునే గాజు గొట్టం. మధ్యలో నిజంగానే ఒక లంచ్ బాక్సు. మీలో ఒకరు హైదరాబాదు నుంచి పంపిన సర్క్యూటు బోర్డును అందులో బిగించాడు. దాంట్లోంచి మూడు వైర్లు, మూడు పుల్లలు. ఒక పుల్ల చివర పెన్సిలు ముల్లులాగా నల్లటి కొస. రోజూ పొద్దున్నే ఆ కొసను మెత్తటి గుడ్డ మీద తెల్లటి పొడి వేసి, ఎనిమిది అంకె రాసినట్టు తిప్పి తిప్పి రుద్దేవాడు. ఒకటే తీరు, ఒకటే ఒత్తిడి. మా అక్క అటు పోతూ ఇటు వస్తూ, "మీ బావకి జపమాల దొరికిందిరా, ఇక మనతో పనేముంది," అనేది.

"ఎందుకు బావా అంతసేపు?"

"నిన్నటి నీళ్ళ సంగతి ఇవాళ్టి నీళ్ళకు అంటకూడదు బామ్మర్దీ. నువ్వు ఒక కేసు సాక్షిని ఇంకో కేసులో కూర్చోబెడతావా?"

నేను లెక్కలు, సైన్సు తప్ప అన్నీ చదివినవాణ్ణి. ఆ పరికరం ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పమంటే, ఆయన ఆ గాజు గ్లాసులో నీళ్ళు పోసి పుల్లలు ముంచి, ఇలా చెప్పాడు. "మాచర్ల బస్సు అనుకో. ముందు నేను కొంచెం కరెంటు ఇచ్చి, నీళ్ళలో ఉన్న లోహాలన్నిటినీ ఈ నల్ల కొస మీదకి ఎక్కిస్తా. అందరూ ఎక్కి కూర్చుంటారు. తర్వాత కరెంటును మెల్లగా మారుస్తూ పోతా. అంటే బస్సు బయల్దేరిందన్నమాట. ఎవడి ఊరు వస్తే వాడు దిగాల్సిందే. ముందు జింకు దిగుద్ది. మధ్యలో సీసం. ఆఖర్న రాగి. దిగేటప్పుడు కొంచెం కరెంటు వదిలిపోతారు. ఎంతమంది దిగితే అంత గుట్ట." బోర్డుకు తగిలించిన ఫోన్ తెర మీద గీత సాపుగా పోతూ పోతూ ఒకచోట గుట్టలా లేచి మళ్ళీ సాపైంది. "ఏ స్టాపులో గుట్ట లేస్తే ఆ ఊరి మనిషి ఉన్నట్టు. అంతే."

"ఎంత ఉంటే తెలుసుద్ది?"

"ఒక ఆవగింజని ఇరవై ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్క నీ బిందెలో వేసి కలిపావనుకో. ఆ ముక్కని ఇది పట్టుకుంటది."

ఆయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదని మీకు తెలుసు. ఆ ఆవగింజ మాట చెప్పినప్పుడు మాత్రం మొహం వెలిగింది. పెళ్ళిళ్ళకు పోతే మంచినీళ్ళు ఎక్కడివని అడిగి అందరికీ విసుగు పుట్టించేవాడు. గ్లాసు మూడుసార్లు తొలిచి గానీ తాగేవాడు కాదు. "తెలియదు అన్నది కూడా ఒక రీడింగే" అని మీకు క్లాసులో చెప్పేవాడట. నాకు మాత్రం ఇంకో మాట చెప్పేవాడు. "మిషను కన్నా ముందు బాటిల్‌ని అనుమానించు. బాటిల్ కన్నా ముందు దాన్ని పట్టిన చేతిని."

ఇక మా ఊరి సంగతి. కారంపూడి నుంచి ఆటోలో పావుగంట. మాది నాపరాతి నేల. పైన జానెడు మట్టి, కింద పలకలు, పలకల మధ్య నెర్రెలు. ఊరి చివర వీధిబోరు ఉంది. ఆ వైపు నలభై ఇళ్ళకు, అంగన్‌వాడీకి, మా ఇంటికి అవే నీళ్ళు. బోరుకు రెండు చేలవతల బ్యాటరీల షెడ్డు. షెడ్డు వెనక పాత రాతి క్వారీ గుంటలో వాళ్ళు మడ్డి పోసేవాళ్ళు. అందులో నీళ్ళు తాగిన మేకలు నాలుగు పడిపోయాయి. నేను బావకు ఫోన్ చేశాను. మరుసటి వారమే బస్సులో అట్టపెట్టె వచ్చింది. అందులో పదకొండు బాటిళ్ళు, ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు, ఒక్కో చీటీ. చీటీలో మూడు గళ్ళు: చోటు, వేళ, పట్టినవారు.

ఫోన్లో బావ చెప్పినవి ఇప్పటికీ వరసగా చెప్పగలను. మోటరు వేసి అయిదు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యి. తర్వాత నేరుగా బాటిల్లోకే పట్టు. మధ్యలో ఏ గిన్నే వద్దు, ఏ చెంబూ వద్దు. మూతి ముట్టుకోకు. మూత బిగించి చీటీ రాయి.

పది చోట్ల ఆయన చెప్పినట్టే పట్టాను. ఊరంతా తిరిగి చివరి వీధిబోరు దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. త్రీఫేజు మళ్ళీ తెల్లారితేగాని రాదన్నారు. నరసరావుపేట బస్సుకు ఇంకా అరగంటే ఉంది. ఎండ. ఇంటికొచ్చాను. వంటింట్లో ఇత్తడి బిందె ఉంది, నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆమె పోయి ఆరేళ్ళు. ఆ బిందెను నేనే చింతపండు పెట్టి తోముతాను, రాత్రి తోమి తెల్లవారుజామున అదే బోరు నీళ్ళతో నింపుతాను. అడుగున కారితే మాటు వేయించాను. తిరుగుడు కళాయివాడు వస్తే లోపల కళాయి పెట్టించాను. అద్దంలా మెరుస్తుంది. అదే బోరు నీళ్ళు గదా అనుకున్నాను. ఇంకో మాట కూడా అనుకున్నాను, అది చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. మా ఇళ్ళల్లో ప్లాస్టిక్ అంటే మైల, తోమిన ఇత్తడి అంటే మడి. దేవుడి దగ్గర పెట్టే నీళ్ళు, అల్లుడికిచ్చే నీళ్ళు ఇత్తడిలోనివే. బావకు పంపే నీళ్ళు అంతకన్నా శుభ్రంగా ఎక్కడ దొరుకుతాయి అనుకున్నాను. బిందె వంచి బాటిల్ నింపాను. చోటు గడిలో "చివరి వీధిబోరు" అని రాశాను. పట్టినవారు గడిలో నా పేరు రాసి, కోర్టు అలవాటు కొద్దీ కింద గీత కొట్టాను.

నాలుగో రోజు బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, పదింట్లో ఏం లేదు. పదకొండోదాంట్లో సీసం గుట్ట లేచింది. ఆ నీళ్ళు ఎవర్నీ తాగనివ్వబాక."

నేను ఊరంతా చెప్పాను. ఆయన కలెక్టరాఫీసులో అర్జీ పెట్టాడు. బోరు మూయాలి, షెడ్డు ఆపాలి. మేకల సంగతి అందరికీ తెలుసు కాబట్టి జనం నమ్మారు కూడా. అధికారులు జీపులో వచ్చి, మోటరు వేసి, తమ బాటిళ్ళలో తాము పట్టుకుపోయారు. నెలకు రిపోర్టు వచ్చింది. సీసం లేదు.

పంచాయితీ ఆఫీసు ముందు మీటింగు పెట్టారు. బావ పేట నుంచి వచ్చి కుర్చీ చివర కూర్చున్నాడు. షెడ్డాయన లేచి నిలబడ్డాడు.

"ఏంది మాస్టారూ, గవర్నమెంటు ల్యాబు అబద్ధమాడుద్దా, మీ లంచ్ బాక్సు అబద్ధమాడుద్దా?"

వెనకనుంచి ఎవడో, "పెరుగన్నం ఏమన్నా మిగిలిందేమో మూత తీసి చూడండయ్యా," అన్నాడు. నవ్వులు. నిన్నటిదాకా బోరు మూయాలన్నవాళ్ళే నవ్వారు. పేర్లు రాయను, వాళ్ళకు తెలుసు.

బావ ఆ నవ్వులు విననట్టే నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, పదకొండోది బోరు దగ్గరే పట్టావా?"

అందరూ నన్నే చూశారు. ఊళ్ళో ఏ తగాదా వచ్చినా కాయితం చదివి పెట్టేది నేను. వాడు కోర్టులో పనిచేసినోడు, వాడి మాటకు తిరుగులేదు అనేవాళ్ళు. షెడ్డాయన చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"బోరు దగ్గరే పట్టా బావా. అయిదు నిమిషాలు వదిలి మరీ పట్టా."

అయిదు నిమిషాల సంగతి ఆయన అడగలేదు. అబద్ధపు సాక్షి అడగని దానికి కూడా జవాబు చెబుతాడు. ముప్ఫై ఏళ్ళు బల్ల పక్కన కూర్చుని చూసిన సంగతే అది. బావ తల ఊపాడు. "సరే," అన్నాడు. అంతే.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన తన పరికరాన్నే అనుమానించాడు. మా అక్క ఫోన్ చేసి తిట్టేది. "అన్నం తినేటప్పుడు కూడా వేలితో పళ్ళెంలో ఎనిమిదే రాస్తన్నాడురా. ఏం నీళ్ళు పంపావో ఏమో." తర్వాత ఒకరోజు ఆయన ఆఫీసుకు ఉత్తరం రాసిచ్చాడని తెలిసింది. నా పరీక్షలో పొరపాటు జరిగింది, పొరపాటు పూర్తిగా నాదే, అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను, ఊరివారిని కంగారుపెట్టినందుకు క్షమించమని కోరుతున్నాను. షెడ్డాయన దాన్ని జిరాక్సు తీయించి టీ అంగడి గోడకు అంటించాడు. నేను టీ తాగడం ఇంట్లోనే మొదలుపెట్టాను.

ఉత్తరం ఇచ్చిన నెలకు బావ మా ఊరొచ్చాడు. ఒళ్ళో పేపరు చుట్టిన స్టీలు బిందె. పేట నుంచి బస్సులో అలాగే పెట్టుకొచ్చాడు.

"ఏంది బావా, బిందె మోసుకొచ్చావు? మా ఊళ్ళో దొరకవనుకున్నావా?"

"దొరుకుతయ్. నువ్వు కొనవు గదా."

"నాకు బిందె ఉంది."

"ఉంది. అందులో ఏదన్నా మొక్క వేసుకో. దాంట్లో నీళ్ళు తాగబాక."

వంటింట్లోకి వచ్చి ఇత్తడి బిందె ముందు గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి లోపల పెట్టి మాటు మీద వేలితో రుద్ది చూశాడు. "కళాయి ఎవరు పెట్టారు?"

"ఎవరో తిరుగుడువాడు."

"తగరం ఖరీదు బామ్మర్దీ. సీసం చవక. వాళ్ళు సగానికి సగం కలుపుతారు. నువ్వేమో చింతపండు పెట్టి రోజూ తోముతావు. ఆ పులుపుకు కళాయి అరిగి సీసం నీళ్ళలోకి దిగుద్ది." అని లేచి, పంచె దులుపుకున్నాడు. "మా చెల్లెలు ఉంటే నీకు ఇట్టాంటివి చెప్పేది."

నేను టీ పెడతానని పొయ్యి వైపు తిరిగాను. నీళ్ళు మరిగి సగమయ్యేదాకా అటే నిలబడ్డాను. ఆయనకు తెలిసిందని నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకూ తెలుసు. ఇద్దరం టీ తాగాం. శెనగల ధర గురించి మాట్లాడుకున్నాం.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక ముసలివాడి సిగ్గు కథ, అంతే. అయిపోలేదు. ఆ తర్వాతి రెండు వానాకాలాలూ వానలు గట్టిగా పడ్డాయి. క్వారీ గుంట నిండి పొర్లింది. ఆ మడ్డి నాపరాతి నెర్రెల్లో దారి వెతుక్కుంది. బోరు ఎదురింట్లో అంగన్‌వాడీ ఆయా ఉంటుంది. ఆమెకు నాలుగేళ్ళ కూతురు, వాగుడుకాయ. నేను గడప దాటితే చాలు, "తాతా, ఏ ఊరు పోతన్నావు?" అని అడిగేది. ఆ పిల్లకు కడుపునొప్పి మొదలైంది. తర్వాత రక్తం తగ్గిందన్నారు. నులిపురుగులన్నారు, టానిక్కులన్నారు. నేను బావకు ఫోన్ చేశాను. పిలవడానికి నాకు మొహం లేదు, అయినా చేశాను. ఆయన మర్నాడు పొద్దున్నే ఆటో దిగాడు, చంకలో లంచ్ బాక్సుతో.

ఈసారి బాటిల్ ఎవరి చేతికీ ఇవ్వలేదు. కరెంటు వచ్చేదాకా రెండు గంటలు ఆయా అరుగు మీద కూర్చున్నాడు. మోటరు వేయించి గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు నీళ్ళు వదిలి, తన చేత్తో తనే పట్టుకున్నాడు. ఆ అరుగు మీదే పుల్లలు ముంచాడు. ఆ పిల్ల పక్కన చేరి "ఏంది తాతా ఇది?" అంది.

"నీళ్ళకి జొరం చూస్తన్నానమ్మా."

"నాగ్గూడా చూడు." చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని నాడి చూసినట్టు చూసి, "నీకు జొరం లేదు," అన్నాడు. గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు.

తెర మీద గీత సాపుగా పోయి, మధ్యలో ఒక్కచోట నిటారుగా లేచింది. ఆయన నమ్మలేదు. కొలత తెలిసిన సీసపు ద్రావణం ఒక చుక్క వేసి మళ్ళీ చూశాడు. గుట్ట అదే చోట ఇంకొంచెం పెరిగింది. ఇంకో చుక్క. ఇంకొంచెం. అప్పుడు తల ఎత్తకుండానే అన్నాడు. "ఈసారి బస్సు నిండా ఒకే ఊరివాళ్ళు బామ్మర్దీ. ముందు స్టాపులో ఎవరూ దిగలా. ఆఖరి స్టాపులోనూ ఎవరూ దిగలా."

ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు నాకు తట్టలేదు.

మళ్ళీ కలెక్టరాఫీసులో అర్జీల సోమవారం. నేనూ పక్కనే వెళ్ళాను. బల్ల వెనక కుర్రగుమాస్తా ఫైలు తీశాడు. అందులో పైనే ఉంది ఉత్తరం. అతను మర్యాదగానే మాట్లాడాడు, అతన్ని ఏమీ అనను. నేనైనా ఆ కుర్చీలో అలాగే మాట్లాడేవాణ్ణి.

"సార్, పొరపాటు నాదేనని మీరే రాసిచ్చారు గదా. మళ్ళీ ఇప్పుడేంది సార్?"

"అప్పటిది పొరపాటు. ఇది కాదు."

"రెంటికీ తేడా ఏంది సార్? అదే మిషను, అదే బోరు, మీరే."

ఆ ప్రశ్నకు జవాబు బావ పక్కన నిలబడి ఉంది. చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టుకుని, చేతిలో గొడుగుతో. "తేడా నేను. అప్పుడు బాటిల్ నింపింది నేను, బిందెలోంచి నింపాను." అంతే, నేను చెప్పాల్సింది ఇంత చిన్న వాక్యం. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆ నెల పండగలన్నీ చదివాను. బావ నా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. "తేడా ఉంది బాబూ," అన్నాడు గుమాస్తాతో, "చెప్పినా మీకు నమ్మకం కుదరదు." బయటికొచ్చి చెరుకురసం తాగాం. మామూలుగా గ్లాసు మూడుసార్లు తొలిచి గానీ ముట్టని మనిషి, ఆ రోజు తొలవకుండానే తాగాడు.

ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. బోరు మూయలేదు. బావ వారానికొకసారి వచ్చి ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి, ఈ నీళ్ళు తాగొద్దు, చెరువు నీళ్ళు కాచుకోండి అని చెప్పేవాడు. కొంతమంది విన్నారు. ఎక్కువమంది గుమ్మంలోంచే, "మళ్ళీ ఉత్తరం రాస్తారా మాస్టారూ?" అన్నారు. అంగన్‌వాడీలో వంట ఆ నీళ్ళతోనే జరిగింది. ఆ చలికాలంలో ఆయా కూతురికి మూర్ఛలు వచ్చాయి. గుంటూరు తీసుకుపోయారు. అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మ రక్తంలో సీసం చూడమని రాసింది. ఉంది. ఖర్చంతా షెడ్డాయనే పెట్టుకున్నాడు. ఆ ఇంటివాళ్ళ నోళ్ళు కూడా ఆ ఖర్చులోనే కలిసిపోయాయి. ఆయా ఆ వీధి వదిలి పోలేదు, పోవడానికి ఇంకో ఇల్లు లేదు. మంచినీళ్ళు మాత్రం ఇప్పుడు క్యానులో తెచ్చుకుంటోంది. ఆ పిల్ల బతికింది. అరుగు మీద కూర్చుని ఉంటుంది. నేను గడప దాటితే చూస్తుంది. ఏ ఊరు పోతున్నావని అడగదు. ఇప్పుడు ఏమీ అడగదు.

ఆ కబురు బావకు నేనే ఫోన్లో చెప్పాను. "ఆవగింజలో ఇరవయ్యో ముక్క బామ్మర్దీ. దాన్ని పట్టుకున్నాం. ఏం లాభం?" అన్నాడు. ఆయన నోట నిరాశ మాట విన్నది అదొక్కసారే. ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు.

కర్మ అయిపోయాక మా అక్క ముందు గది సర్దమంది. "నాకు ఆ గీతలు అర్థం కావు. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో నువ్వే చూడరా," అంది. ఒక ఫైల్లో రెండు గ్రాఫులు పక్కపక్కన పిన్ను చేసి ఉన్నాయి. రెండోది ఆయా అరుగు మీద తీసింది. మధ్యలో ఒకటే గుట్ట. మొదటిది నా పదకొండో బాటిల్‌ది. అందులోనూ మధ్యలో గుట్ట ఉంది. కానీ దానికి ముందు ఒక గుట్ట, ఆఖర్న ఇంకో గుట్ట, రెండూ దీనికన్నా ఎత్తు. ముందు స్టాపులో జింకు, ఆఖరి స్టాపులో రాగి. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో సైన్సు చదవని నాకు కూడా తెలుసు. ఇత్తడి. మొదట్లో ఆయన సీసం కోసమే చూసి, మిగతావి వదిలేసి ఉంటాడు. తర్వాత చూశాడు. ఆ గుట్టల పక్కన పెన్సిలుతో సన్నగా "బిందె" అని రాసి, తేదీ వేసుకున్నాడు. దాని వెనకే ఆయన ఆఫీసుకిచ్చిన ఉత్తరం నకలు. ఉత్తరం మీద తేదీ చూశాను. పెన్సిలు తేదీ దానికి నాలుగు రోజుల ముందుది.

అంటే తెలిసే రాశాడు. పొరపాటు పూర్తిగా నాదే అని.

"నీకు తెలుసా అక్కా?" అని అడిగాను. ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతోంది.

"ఏంది తెలిసేది? ఆ ఉత్తరం రాసిన రోజు నేనూ అడిగా. చేతగానివాణ్ణని నీకు నువ్వే రాసిస్తావా అని. ఆయన ఒకటే అన్నాడు. వాడికి ఆ ఊళ్ళో ఉన్నది మాటొక్కటే, అదీ పోతే ఇంకేం మిగలదు అన్నాడు. ఎవడికో, ఏ మాటో నేను అడగలా." చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పడేసింది. "నువ్వేగా?"

నేను అవునన్నాను. ఆమె చేట నా వైపు జరిపింది. ఇద్దరం గిల్లాం.

కృతజ్ఞత అని రాయాలి ఇక్కడ. ఇలాంటి రాతల్లో ఆ మాట తప్పకుండా వస్తుంది. రాస్తాను. ఆయన నా పరువు నిలబెట్టాడు, దానికి కృతజ్ఞుణ్ణి. కానీ బావా, ఆ పరువుతో నేనేం చేశానో నువ్వే చూశావు. క్యాలెండరు చదివాను. షెడ్డాయన్ని తిట్టాను, నవ్వినవాళ్ళని తిట్టాను, మైకు పట్టుకున్న లెక్చరర్నీ తిట్టాను, ఇన్ని పేజీలు తిట్టి చివరికి ఇక్కడికొచ్చాను. వాళ్ళు నీకు చేసింది ఎగతాళి. నీ మాట చెల్లకుండా చేసింది మాత్రం నేను. రెండుసార్లు. మొదటిసారి బిందె, రెండోసారి నోరు.

గది సర్దుతుంటే బల్ల కింద ఒక బాటిల్ దొరికింది. కడిగి, ఆరబెట్టి, కవర్లో పెట్టి, ఖాళీ చీటీ కట్టి ఉంది. అక్కనడిగి తెచ్చుకున్నాను. మొన్న కరెంటు వచ్చే వేళకు చివరి బోరు దగ్గరికి వెళ్ళాను. మోటరు వేయించాను. గడియారం చూసుకుంటూ అయిదు నిమిషాలు నీళ్ళు వదిలాను. చాలా పెద్దవి అయిదు నిమిషాలంటే. ఆ పిల్ల అరుగు మీద నుంచి నీళ్ళు పారడం చూస్తోంది. మూతి ముట్టుకోకుండా నేరుగా పట్టాను. చోటు రాశాను. వేళ రాశాను. పట్టినవారు గడిలో నా పేరు రాశాను, కింద గీత కొట్టలేదు.

వచ్చే సోమవారం ఆ రెండు గ్రాఫులూ, పెన్సిలు మాటతో సహా, పట్టుకుపోయి ఆ బల్ల ముందు నిలబడతాను. రెంటికీ తేడా ఏందని మళ్ళీ అడగమంటాను. అప్పటికి ఈ రాత మీ చేతుల్లో ఉంటుంది కాబట్టి వెనక్కి తగ్గే దారి లేదు. మీలో చాలామంది ల్యాబుల్లో ఉన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న చేతులు మీవి. ఎవరైనా వచ్చి ఈ బాటిల్ తీసుకుపోండి.

అది నా కిటికీలో ఉంది. పొద్దున ఎండ పడితే గోడ మీద చిన్న వెలుగు ఆడుతుంది. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున నలుసు కూడా లేదు. వాటిలోంచి చూస్తే రెండు చేలవతల షెడ్డు పొగగొట్టం వంకరగా, లావుగా, బాటిల్ నిండా కనిపిస్తుంది.